‘చేసీసాను’ అంటే ఇంగ్లీషులో ఏటండి?

“మేస్టారూ, ‘చేసీసాను’ అన్నదాన్ని ఇంగ్లీషులో ఏటంటారండి?”

ఆ మాట అడిగినవాడు వెల్డరు. సోంపేట వైపు కుర్రాడు. సింగపూర్‌లో పని కోసం విశాఖపట్నంలో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాడు. చేతిపని చూసి మెచ్చుకున్నారట. తర్వాత ఒకాయన, ఇలాంటి అతుకు ఇదివరకు వేశావా అని ఇంగ్లీషులో అడిగాడట. మనవాడు “ఎస్ సర్, ఐ డూ” అన్నాడు. ఎప్పుడు అంటే “లాస్ట్ ఇయర్ ఐ డూ, ఆల్ ఫినిష్” అన్నాడు. చేశాడా, చేస్తాడా, చేస్తూ ఉంటాడా? అడిగినాయనకి బోధపడలేదు. ఇంకోసారి రమ్మన్నారు.

“నాకు మాటలన్నీ వచ్చండి. అవి ఒకదాని పక్కన ఒకటి నిలబడవు. అదే తంటా” అన్నాడు కుర్రాడు.

ముప్పై ఏళ్ళకి పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినవాణ్ణి. నా జబ్బుని ఇంత తేలిక మాటల్లో ఎవరూ చెప్పలేదు. జబ్బు నాదే, పిల్లలది కాదు. నేను వెర్బు ఒక వారం, ప్రొనౌన్ ఒక వారం, ఎడ్వెర్బు ఒక వారం, కంజంక్షన్ పరీక్షల ముందు చెప్పేవాణ్ణి. నాలుగు డబ్బాల్లో నాలుగు సరుకులు పోసి మూతలు పెట్టాను. వంట ఎలా చెయ్యాలో చెప్పలేదు.

ఇప్పుడు ఆమదాలవలసలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు నలుగురైదుగురు కూర్చుంటారు. వెల్డర్లు, ఫిట్టర్లు, నర్సింగ్ చదివే అమ్మాయిలు. వాళ్ళతో కలిసి నేను మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇంజను ఎక్కడ తగిలించారు?

మా ఊరి స్టేషనుకి శ్రీకాకుళం రోడ్ అని పేరు. విజయనగరం వైపు బండెక్కితే దూసి, పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల వరసగా వస్తాయి. తిరుగు ప్రయాణంలో అవే స్టేషన్లు, వరస మాత్రం తిరగబడుతుంది. అరుగు మీద మొదటి పాఠం ఇదే.

“అప్పన్న నిన్న పొలంలో కష్టపడి పనిచేశాడు.” దీన్ని ముక్కలుగా పలకమంటాను. అప్పన్న, నిన్న, పొలంలో, కష్టపడి, పనిచేశాడు. ఇప్పుడు అప్పన్నని ఉన్నచోటే ఉంచి, మిగతావి చివరి నుంచి చదవమంటాను. అప్పన్న, పనిచేశాడు, కష్టపడి, పొలంలో, నిన్న. ఇంగ్లీషులో వాక్యం: “అప్పన్న వర్క్‌డ్ హార్డ్ ఇన్ ద ఫీల్డ్ ఎస్టర్‌డే.” ఒక్క పెట్టె కూడా చోటు తప్పలేదు. బండి తిరుగు ప్రయాణం పట్టింది, అంతే.

పెట్టె లోపల చూసినా అదే తిరకాసు. మనకి ‘పొలం’ ముందు, ‘లో’ వెనక. వాళ్ళకి ‘ఇన్’ ముందు, ‘ఫీల్డ్’ వెనక.

కర్త డ్రైవరు లాంటివాడు, రెండు భాషల్లోనూ మొదట్లోనే ఉంటాడు. క్రియ ఇంజను. ఇంగ్లీషు బండిని ఇంజను ముందుండి లాగుతుంది. తెలుగు బండిని వెనక నుంచి నెడుతుంది. అందుకే తెలుగు వినేవాడు చివరిమాట దాకా ఆగాలి. “నేను మీ అబ్బాయికి ఆ డబ్బు నిన్న సాయంత్రమే...” అని ఆపితే ఇచ్చాడో, ఇవ్వలేదో, ఇద్దామనుకున్నాడో తెలియదు. ఇంగ్లీషువాడికి ఆ నిరీక్షణ లేదు. ఇచ్చిందీ లేనిదీ రెండో మూడో మాటకే తేలిపోతుంది. మన పిల్లలు ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే. చివర చెబుదామని దాచుకున్న మాటని మొదటే తీసి పెట్టమంటోంది అవతలి భాష.

ఇది అచ్చంగా ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని కాదు. ‘ఎస్టర్‌డే’ని వాక్యం మొదటికి తెచ్చుకోవచ్చు. ‘ఆల్వేస్’, ‘నెవర్’ లాంటివి చివరికి పోవు, ఇంజను పక్కనే కూర్చుంటాయి. “హి ఆల్వేస్ కమ్స్ లేట్” అన్నప్పుడు ‘కమ్స్’కి ముందు, “హి ఈజ్ ఆల్వేస్ లేట్” అన్నప్పుడు ‘ఈజ్’కి వెనక. కానీ ముందు తిరుగు బండి పాఠం వస్తే, ఈ మినహాయింపులు వారంలో పట్టుబడతాయి.

తోకలు అరిగిపోయిన భాష

మా వైపు వీధిలో మనిషి ఎదురైతే “ఎక్కడికి?” అంటాం. “పొందూరు ఎల్తన్నాను” అంటాడు. ఆ జవాబులో ‘నేను’ లేదు. లేకపోయినా ఎవరు వెళుతున్నదీ తెలుస్తోంది. ఎలా? చివరనున్న ‘ను’ చెబుతోంది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి. మన క్రియకి ప్రతి మనిషికీ ఒక తోక ఉంది. సర్వనామం ఆ తోకలో ముడుచుకుని పడుకుంది.

ఇంగ్లీషుకీ ఒకప్పుడు తోకలుండేవి. పాత ఇంగ్లీషు బైబిలు తిరగేస్తే ‘దౌ కమెస్ట్’, ‘హి కమెత్’ లాంటివి కనిపిస్తాయి. వందల ఏళ్ళ వాడుకలో అవి అరిగిపోయాయి. ఐ కమ్, యు కమ్, వి కమ్, దే కమ్. అన్నీ బోడిగానే ఉన్నాయి. ఒక్క ‘హి కమ్స్’లో మాత్రం ‘స్’ అనే చిన్న తోక మిగిలింది. మన పిల్లలు మర్చిపోయేది కూడా దాన్నే. అన్నింటికీ తోక తీసేసి ఒక్కదానికి ఉంచితే మర్చిపోరూ మరి!

తోకలు పోయాయి కాబట్టి ఎవరు చేస్తున్నారో చెప్పడానికి ఇంగ్లీషులో సర్వనామం బయటికొచ్చి నిలబడక తప్పలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఎంత పట్టింపంటే, కూర్చోడానికి మనిషే లేనప్పుడు కూడా ఒక బొమ్మని తెచ్చి కూర్చోబెడతారు. మనం “వర్షం పడుతోంది” అంటాం. వాళ్ళు “ఇట్ ఈజ్ రెయినింగ్” అంటారు. ఆ ‘ఇట్’ ఏమిటని ఒకసారి ఒక పిల్ల అడిగింది. మబ్బా? ఆకాశమా? ఏదీ కాదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదని పెట్టిన దిష్టిబొమ్మ.

ఈ సర్వనామాల దగ్గర నేను చేసిన పాపం ఒకటుంది. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు తన తాత గురించి రాస్తూ, “మై గ్రాండ్‌ఫాదర్ ఆర్ ఎ ఫార్మర్. దే గెటప్ ఎట్ ఫోర్” అన్నాడు. ఎర్ర సిరాతో నాలుగు గీతలు గీశాను. క్లాసులో చదివి నవ్వించాను కూడా. చాలా ఏళ్ళకి గాని నాకు తట్టలేదు. వాడికి వ్యాకరణం రాక కాదు. ‘తాతగారు నాలుగింటికి లేస్తారు’ అని మర్యాదగా అనుకున్నాడు. ‘లేస్తారు’కి ఇంగ్లీషులో ‘దే’ వెతుక్కున్నాడు. తాతని ‘హి’ అనడానికి వాడి నోరు రాలేదు. ఇంగ్లీషులో ‘హి’ అంటే వాడు, అతను, ఆయన ముగ్గురూనని, అందులో అమర్యాద లేదని ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

‘యు’ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళకి మర్యాద లేదు, అందరినీ నువ్వనేస్తారని మనవాళ్ళు అనుకుంటారు. జరిగింది తలకిందులు. వాళ్ళ ‘నువ్వు’ పేరు ‘దౌ’. ‘మీరు’ పేరు ‘యు’. మామూలు మాటల్లోంచి ‘దౌ’ జారిపోయింది, ‘యు’ మిగిలింది. అంటే ఇంగ్లీషువాడు పెంపుడు కుక్కని కూడా మీరనే అంటున్నాడు.

మనకున్నది వాళ్ళకి లేకపోవడం ‘మనం’, ‘మేము’ దగ్గర కనబడుతుంది. ఒకసారి పిల్లలంతా వచ్చి “సర్, వి ఆర్ గోయింగ్ టు శాలిహుండం ఆన్ సండే” అన్నారు. నేను ఆదివారం చద్దన్నం తిని సంచీ సర్దుకుని కూర్చున్నాను. వాళ్ళు చెప్పింది మేము వెళుతున్నామని. నేను విన్నది మనం వెళుతున్నామని.

కావిడి ఒక భుజం మీదే

‘డిడ్ యు వెంట్?’ అనని పిల్లాణ్ణి నా సర్వీసులో చూడలేదు. ‘డిడ్’ తర్వాత మొదటి రూపం రావాలి అని సూత్రం బట్టీ పట్టించేవాణ్ణి. పరీక్షలో రాసేవారు, నోట మాత్రం ‘వెంట్’ వచ్చేది.

ఇప్పుడు కావిడి పాఠం చెబుతున్నాను. కావిడి మోసేటప్పుడు ఇద్దరు నడుస్తున్నా బరువు ఒకరి భుజం మీదే ఉంటుంది. రెండోవాడు ఖాళీ చేతులతో నడుస్తాడు. “యు వెంట్” అన్నప్పుడు ‘గో’ ఒక్కడే ఉన్నాడు. జరిగిపోయిన కాలం బరువంతా వాడే మోసి ‘వెంట్’ అయ్యాడు. ప్రశ్న అడగడానికి ‘డూ’ని తోడు పిలిచాం. వచ్చినవాడు కావిడి అందుకుని ‘డిడ్’ అయ్యాడు. బరువు దించిన ‘గో’ మళ్ళీ మామూలు మనిషి. “డిడ్ యు గో?” అలాగే “హి కమ్స్”లో ఉన్న ఆ చిన్న తోకని కూడా తోడొచ్చినవాడే ఎత్తుకుంటాడు. “డజ్ హి కమ్?” ఈ మాట విన్నాక మా వెల్డరు తప్పు చేసిన ప్రతిసారీ తనే “రెండు కావిళ్ళు మేస్టారూ” అని దిద్దుకుంటున్నాడు.

తెలుగులో ప్రశ్నకి ఈ హడావుడి లేదు. చివర ఒక దీర్ఘం తగిలిస్తే చాలు: వచ్చావా? కాదనడం మాత్రం మనకి గొప్ప కళ. ‘రా’ అన్న ఒక్క ధాతువు మీద చూడండి. రాను అంటే “ఐ వోంట్ కమ్”. రాలేను అంటే “ఐ కాంట్ కమ్”. రావద్దు అంటే “డోంట్ కమ్”. రాకూడదు అంటే “యు మస్ట్ నాట్ కమ్”. రానక్కర్లేదు అంటే “యు నీడ్ నాట్ కమ్”. మనం ఒక్క మాటలో మూట కట్టినదాన్ని వాళ్ళు రెండు, మూడు, నాలుగు మాటలుగా విప్పి పరుస్తారు. మూట విప్పి చూస్తే ఏయే సరుకులున్నాయో లెక్కపెట్టుకోవడమే ఇంగ్లీషు వాక్యం కట్టడం. ‘రాలేను’లో ఎవరు? నేను. ఏం పని? రావడం. ఎలా కాదు? చేతకాక. ఐ, కమ్, కాంట్. వరసలో పెట్టు.

ఒక్కోసారి మూటలో సరుకు తక్కువ ఉంటుంది. ‘రాలేదు’ అన్న మాటలో తోక లేదు. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు, అన్నింటికీ ఒకటే. అప్పుడు సర్వనామాన్ని సందర్భంలోంచి వెతికి తెచ్చుకోవాలి.

నేను నవ్వులపాలైన మాట

ఇప్పుడు వెల్డరు ప్రశ్నకి వస్తాను. అది నాకూ పాత గాయమే.

ట్రైనింగు చదివే రోజుల్లో, మా జిల్లాకి దూరంగా ఒక కాలేజీలో, భోజనం చేశావా అని ఎవరో అడిగితే “తినీసానండి” అన్నాను. పక్కనున్న లెక్చరరు, “ఈ ‘ఈసాను’లు గుమ్మం బయట వదిలి రావోయ్, రేపు పిల్లలకి పాఠం చెప్పాల్సినవాడివి” అన్నారు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ‘తిన్నాను’ అనడం అలవాటు చేసుకున్నాను. నా పిల్లల నోట కూడా ‘ఈసాను’ రాకుండా కాపలా కాశాను.

ఆ మాటలోనే ఇంగ్లీషులో అందరినీ ఏడిపించే ప్రెజెంట్ పర్‌ఫెక్టుకి తాళంచెవి ఉందని నాకు రిటైరయ్యాక తెలిసింది.

ఇంట్లో అమ్మ మళ్ళీ అన్నం పెట్టబోతే పిల్లాడు “తినీసాను” అంటాడు. ఎప్పుడు తిన్నాడన్నది అక్కడ విషయం కాదు. పని పూర్తయింది, కడుపు నిండి ఉంది, ఇప్పుడు పెట్టక్కర్లేదు అని చెబుతున్నాడు. జరిగిపోయిన పనికి ఇప్పటితో ముడి ఉంది. “ఐ హ్యావ్ ఈటెన్” అంటే అదే. గోదావరి, కృష్ణా వైపు ‘తినేశాను’ అనే మాట కూడా దీని చుట్టమే. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళం దీన్ని అడుగడుగునా వాడతాం. వచ్చీసాడు, రాసీసాను, అమ్మీసారు.

రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటేనని అనను. మనం “నిన్ననే తినీసాను” అనొచ్చు. ఇంగ్లీషులో ‘హ్యావ్’ పక్కన ‘ఎస్టర్‌డే’ ఇమడదు. ఇక్కడ క్రియావిశేషణం కాపలాదారు. ఆల్రెడీ, జస్ట్, ఎవర్, నెవర్, యెట్ వస్తే తలుపు ‘హ్యావ్’కి తెరుచుకుంటుంది. ఎస్టర్‌డే, లాస్ట్ ఇయర్, టూ డేస్ అగో అని తేదీ చూపిస్తే ‘హ్యావ్’ బయటికి పోయి ‘డిడ్’, ‘వెంట్’, ‘ఎట్’ లోపలికి వస్తాయి. మా కుర్రాడు ఆ రోజు చెప్పాల్సిన జవాబు రెండు ముక్కలు: “ఎస్ సర్, ఐ హ్యావ్ డన్ ఇట్. ఐ డిడ్ ఇట్ లాస్ట్ ఇయర్.” మొదటిది చేసీసాను. రెండోది కిందటేడు చేశాను.

క్రియావిశేషణాన్ని మనం వాక్యానికి పెట్టే తిరగమోత అనుకుంటాం, ఉంటే రుచి, లేకపోతే నష్టం లేదని. కానీ మన భాషలో కూడా అది క్రియ పని చేసిపెడుతుంది. “ఆరింటికి లేస్తాను” అంటే రోజూనా, రేపా? ‘రోజూ’ అని చేరిస్తే “ఐ గెటప్”, ‘రేపు’ అని చేరిస్తే “ఐ విల్ గెటప్”. మన క్రియ మారలేదు. తేడా అంతా ఆ చిన్న మాట మోసింది.

ఒక్కో మాట మూడు గుమ్మాల్లో తిరుగుతుంది. మా ‘బేగి’ చూడండి. “బేగి నడు” అంటే ‘క్విక్లీ’. “బేగి లెగు” అంటే ‘ఎర్లీ’. “ఊరి నుంచి బేగి వచ్చీ” అంటే ‘సూన్’. నిఘంటువులో వెతికితే ఒకటే దొరుకుతుంది. పక్కనున్న క్రియని చూస్తే ఏది కావాలో తెలుస్తుంది. ఈ నాలుగు రకాల మాటలూ విడివిడిగా బతకవు అనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం దొరకలేదు.

ముడి ఎక్కడ వేశారు?

“లేచి, మొహం కడుక్కొని, చద్దన్నం తిని, బస్సెక్కి బడికెళ్ళాను.” అయిదు పనులు, ఒక్క తోక. లేచి, కడుక్కొని, తిని, ఎక్కి అన్నవి సగం సగం క్రియలు. కాలం, మనిషి, రెండూ చివరి ‘వెళ్ళాను’లో ఉన్నాయి. కలిపే మాట ఒక్కటీ లేదు, ముళ్ళన్నీ క్రియల కొసల్లోనే పడ్డాయి. ఇంగ్లీషులో ప్రతి క్రియా తన కాలం తనే తొడుక్కోవాలి: గాట్ అప్, వాష్డ్, ఎట్, కాట్, వెంట్. ‘ఐ’ మొదట ఒకసారి, ‘అండ్’ ఆఖరిదానికి ముందు ఒకసారి. మన పిల్లలు ప్రతి పనికీ మధ్య ‘అండ్’ పెట్టేస్తారు, లేదంటే మొదటిదానికి కాలం వేసి మిగతావి బోడిగా వదిలేస్తారు.

“వర్షం వస్తే రాను” అన్నదాంట్లో ‘ఇఫ్’ ఎక్కడుంది? ‘వస్తే’లో ఉన్న ఏత్వంలో. “వర్షం వచ్చినా వస్తాను” అన్నదాంట్లో ‘ఈవెన్ ఇఫ్’ ఎక్కడుంది? ‘వచ్చినా’ దీర్ఘంలో. “నువ్వూ నేనూ” అన్నప్పుడు ‘అండ్’ రెండు దీర్ఘాల్లో పంచుకుని ఉంది. మన కంజంక్షన్లు గింజలో నూనెలా లోపల ఉంటాయి. ఇంగ్లీషులో వాటిని పిండి బయట గిన్నెలో పెడతారు. అది కూడా ముందే పెడతారు. “ఇఫ్ ఇట్ రెయిన్స్” అంటే షరతు ఉందని మొదటి మాటకే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. మనం “వర్షం వచ్చినా కానీ వచ్చాడు” అని రెండు ముళ్ళు వేస్తాం, చెల్లిపోతుంది. ఆ అలవాటుతో ‘ఆల్దో’ పెట్టి మళ్ళీ ‘బట్’ పెడతాం. ‘బికాజ్’ పెట్టి మళ్ళీ ‘సో’ పెడతాం. ఇంగ్లీషులో రెండు వాక్యాలకి ఒక్క ముడే. ఇక్కడ కూడా కావిడి లెక్కే పనిచేస్తుంది.

వంశధార ఒడ్డున మూడు భాషలు

ఇదంతా నా తెలివి కాదు. మా గాలిలో ఉన్నది.

గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ తేదీనే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. విజయనగరం మహారాజావారి బడిలో చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యారు. చుట్టుపక్కల కొండల్లో సవరలనే గిరిజనులున్నారు. వాళ్ళ పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తనకి రావాలనుకున్నారు. తెలుగొచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది.

సవర భాష సంగతి ఒకటి చెప్పాలి. తెలుగు క్రియ కర్తని తోకలో దాచుకుంటుందని చెప్పాను కదా. సవరలో కర్మ కూడా క్రియలోకి ఎక్కేస్తుంది. ఏం చేశాం, ఎవరు చేశారు అన్నవాటితో పాటు దేన్ని చేశామన్నది కూడా ఒకే మాటలో ఇమిడిపోతుంది. సీతంపేట వైపు పనిచేసినప్పుడు నా ముందు కూర్చున్న సవర పిల్లలు పొడుగైన ఒక్క మాటలో మొత్తం సంగతి చెప్పేసి ఊరుకునేవారు. అన్నీ విడదీసి పెట్టుకునే ఇంగ్లీషు ఒక కొసన, అన్నీ కలిపి మూట కట్టే సవర ఇంకో కొసన, మధ్యలో తెలుగు. వంశధార ఒడ్డున పిల్లాడు మూడింటినీ ఒకే బెంచీ మీద మోస్తున్నాడు. ఆ పిల్లల్ని మందమతులని నేను అనుకున్న రోజులున్నాయి.

1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొర ఈ ఉత్తర జిల్లాల బడులకి ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకీ పిల్లల పుస్తకాల్లో తెలుగుకీ ఇంత దూరం ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగునీ, విజయనగరంలో గురజాడ అప్పారావునీ, విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారునీ ఒకచోట చేర్చింది. వ్యావహారిక భాషోద్యమం అలా బడి గదిలోంచి బయల్దేరింది. నోట్లో ఉన్న మాట నుంచే చదువు మొదలవ్వాలన్నది వాళ్ళ వాదం.

గురజాడ అంతకుముందే గిరీశాన్ని సృష్టించి పెట్టారు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. గిరీశానికి ఇంగ్లీషు మాటలకి కొదవలేదు. శిష్యుడు వెంకటేశానికి నేర్పింది కూడా ఆ దర్జానే గానీ చదువు కాదు. అదే గురజాడ ఆ నాటకానికి ముందుమాట చక్కని ఇంగ్లీషులో రాశారు, వాడుక తెలుగుని సమర్థిస్తూ. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు ఇంటి తెలుగుని చిన్నచూపు చూడలేదు. ‘రోజుకి పది ఇంగ్లీషు మాటలు’ అని ఫీజు పుచ్చుకునేచోట నాకు ఇప్పటికీ గిరీశం గొంతే వినిపిస్తుంది.

ఒక పిల్ల కట్టిన వాక్యం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. నా ఆఖరి ఉద్యోగం ఆ వైపే. బడి తెరిచాక పాఠం చెప్పబుద్ధి కాలేదు. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమన్నాను, ఇంగ్లీషులో కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. ఒక పిల్ల చెప్పింది. తిత్లీ వచ్చినప్పుడు తలుపులు గట్టిగా వేసి అందరం కలిసి కూర్చున్నాం గానీ గాలి ఆగలేదు, అందుకని వెలుగొచ్చేవరకూ అమ్మమ్మ మమ్మల్ని పట్టుకునే ఉంది.

తర్వాత ఇద్దరం కలిసి ఆ మూట విప్పాం. “వెన్ తిత్లీ కేమ్, వి క్లోజ్డ్ ద డోర్స్ టైట్లీ అండ్ సాట్ టుగెదర్, బట్ ద విండ్ డిడ్ నాట్ స్టాప్, సో మై గ్రాండ్‌మదర్ హెల్డ్ అజ్ అంటిల్ ఇట్ వాజ్ లైట్.”

వెన్, అండ్, బట్, సో, అంటిల్. అయిదు ముళ్ళు. ఆమె తెలుగులో విడిగా నిలబడ్డవి ‘గానీ’, ‘అందుకని’ రెండే. మిగతా మూడూ వచ్చిన‘ప్పుడు’, వే‘సి’, వచ్చే‘వరకూ’ అని క్రియల కొసల్లోంచి తీసినవి. టైట్లీ, టుగెదర్ అన్న మాటలు ‘గట్టిగా’, ‘కలిసి’ల్లోంచి వచ్చాయి. ‘అందరం’, ‘కూర్చున్నాం’ చివరి సున్నలోంచి ‘వి’ వచ్చింది. ‘డిడ్’ కావిడి ఎత్తుకుంటే ‘స్టాప్’ ఖాళీ చేతులతో నడిచింది. ఇంగ్లీషులో ‘వాజ్ లైట్’కి కర్త లేదని ‘ఇట్’ బొమ్మని కూర్చోబెట్టాం. ఆ పిల్లకి కొత్తగా నేర్పిన వ్యాకరణం ఇందులో ఏదీ లేదు. దాని దగ్గరున్నదాన్నే బయట పరిచాం. నాలుగు డబ్బాలూ ఒకే వంటలోకి వచ్చిన రోజు నా సర్వీసులో అదే.

ఈమధ్య మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు అచ్చేస్తున్నారు. మంచి సాధనం. కానీ చాలా ఇళ్ళలో తెలుగు పేజీని ఇంగ్లీషు రానివాడి ఊతకర్రగా చూస్తున్నారు. రెండు పేజీల మీదా వేళ్ళు పెట్టి ఏ మాట ఎక్కడికి జరిగిందో, ఏ తోక ఏ మాటయిందో చూపిస్తే, ఒక్క పేరాతో నెల పాఠం అయిపోతుంది.

తల్లిదండ్రులకీ, తోటి మేస్టర్లకీ నాదొక్కటే మనవి. పిల్ల “తినీసాను” అంటే దిద్దకండి. “బేగి వచ్చీ” అంటే నవ్వకండి. ఆ మాటని ముందు మీరు విప్పి చూడండి. అందులో ఎవరున్నారు, ఏ కాలం ఉంది, ఏ ముడి ఉంది అని పిల్లతోనే లెక్కపెట్టించండి. ఆ తర్వాత ఇంగ్లీషు చెప్పండి. నేను ఆ లెక్క ముప్పై ఏళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టాను. మీరు ఈ రాత్రి అన్నాల దగ్గరే మొదలుపెట్టొచ్చు.